సంబంధమనుకున్నారు

మా నాయన అంగట్లో తూచి ఇచ్చిన బెల్లాన్ని ఇంటికొచ్చి మళ్ళీ తూచుకునే మనిషి. బస్సు కండక్టరు ఇచ్చిన చిల్లరను వెలుతురుకు పట్టి చూసేవాడు. పొరుగామె పండగపూట ఓళిగలు పంపితే, "ఏం పని పడిందంట ఆయమ్మకు?" అని అమ్మను అడిగిన తర్వాతే ముట్టుకునేవాడు. అలాంటి మనిషి దగ్గరికి పోయి, సముద్రాల అవతల ఒక కాలేజీ నన్ను ఊరికే చదివిస్తుందట, ఊరికే అన్నం పెడుతుందట అని చెప్పాను. నాది ఎంత తలతిక్కో చూడండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా మేనమామ అక్కడ ఒక ప్రభుత్వ కచేరీలో గుమాస్తా. కచేరీ అంటే గుడారమే. ఎండాకాలం ఆ గుడారాల్లో కూర్చుని, ఫైళ్ళ మీద చెమట కారుస్తూ రాష్ట్రాన్ని నడిపేవాళ్ళు. మా ఊరు బద్వేలు పక్కన ఒక మెట్ట పల్లె. అక్కడ ఆడపిల్లకు చదువంటే అక్షరాలు దిద్దడమే. మామకు పిల్లలు లేరు కాబట్టి నన్ను చిన్నప్పుడే తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకుని, కాలేజీ దాకా చదివించాడు. వృక్షశాస్త్రంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. పై చదువుకు వాల్తేరు పోదామంటే హాస్టలు ఖర్చు భరించే శక్తి నాయనకు లేదు, మామకూ లేదు. వాల్తేరు పోయే స్తోమత లేదు కాబట్టి అమెరికా పోదామనుకున్నాను. నవ్వకండి. వాల్తేరులో అన్నీ మనం పెట్టుకోవాలి, అక్కడ కొన్ని కాలేజీల్లో అన్నీ వాళ్ళే పెట్టుకుంటారని మా లెక్చరరు గారు చెప్పారు.

ఆయన మద్రాసు పోయినప్పుడల్లా అక్కడి విదేశీ గ్రంథాలయంలో కూర్చుని కాలేజీల చిరునామాలు రాసుకొచ్చేవారు. నేను నీలం రంగు విమానపు కాగితాల మీద జాబులు రాసేదాన్ని. మొదట అందరిలాగే పేరు మోసిన విశ్వవిద్యాలయాలకు రాశాను. చక్కగా అచ్చు వేసిన జవాబులు వచ్చాయి. సీటు ఇస్తాం, ఖర్చు నీదే అన్నాయి. ఆ మాట చెప్పడానికి అంత తీపి భాష ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

మెల్లమెల్లగా కిటుకు పట్టుబడింది. పెద్ద పేరున్న చోట బయటి దేశం పిల్లలకు మొదటి ఏడాది పైసా రాల్చరు. చిన్న ఊళ్ళలో, ముఖ్యంగా ఆడపిల్లలకే ఉన్న కాలేజీల్లో, పాత విద్యార్థినులు ఇచ్చిపోయిన నిధులుంటాయి. అవి ఖర్చు పెట్టడానికి వాళ్ళకే పిల్లలు కావాలి. భోజనశాలలో పూటకు కాసేపు పని చేస్తే తిండి ఖర్చు కూడా తీరుతుంది. దరఖాస్తు రుసుము డాలర్లలో పంపమనేవారు. మాకు డాలరు ముఖం ఎట్లుంటుందో తెలియదు. మాఫీ చెయ్యండని రాసేదాన్ని. కొందరు పలకలేదు, కొందరు సరేనన్నారు. సరేనన్న వాళ్ళ వెంటే పడ్డాను. రుసుము దగ్గరే బిగుసుకున్నవాళ్ళు రేపు ఫీజు దగ్గర వదులుతారా? ఇది ఎవరూ చెప్పింది కాదు, నా బుర్రకే తట్టింది. ఆ తర్వాత నా దగ్గరికి సలహాకు వచ్చిన పిల్లలందరికీ ఇదే చెప్పాను.

అట్లా చివరికి ఒక కాలేజీ మిగిలింది. ఫీజు, బస, తిండి, ఓడ ఖర్చుతో సహా అన్నీ ఇచ్చే ఆలోచన ఉందని రాశారు. ఆ జాబు పట్టుకుని సెలవుల్లో మా ఊరికి పోయాను.

నాయన ఎద్దులకు చొప్ప వేస్తూ అంతా విన్నాడు. "బువ్వ పెట్టి, సదువు చెప్పి, ఓడలో కూర్చోబెట్టి పిల్చుకపోతారా? మల్ల వాళ్ళకేం మిగులుతాది? అది చెప్పు ముందు" అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకూ ఆ అనుమానం ఉంది, ఎంతైనా ఆయన కూతుర్నే కదా.

"మా అబ్బ కాలంలో ఇట్లనే బువ్వ పెడతామని నాటాలుకు పిల్చుకపోయినారంట. ఒగరూ తిరిగి రాలేదు" అంది అమ్మ.

"వాళ్ళను ఆఫ్రికా చెరుకు తోటల్లో కూలికి తీసుకుపోయారమ్మా, నేను పోయేది చదువుకు."

"వాళ్ళకు గూడా కూలని చెప్పి పిల్చుకపోలేదంటలే" అన్నాడు నాయన. అంతటితో మాట తెగింది. పొమ్మనలేదు, వద్దనలేదు. మా నాయన దేన్నయినా ఏడాది పాటు అనుమానంగా చూస్తూ కూర్చోగలడు.

నేను కర్నూలు వచ్చాక కాలేజీ నుంచి ఇంకో జాబు వచ్చింది. మీ కుటుంబ పరిస్థితిని ఎవరైనా కళ్ళారా చూసి మాకు రాయాలి, మా పాత విద్యార్థిని ఒకామె ఈమధ్యే కడపలో ఒక ఆసుపత్రికి డాక్టరుగా వచ్చింది, ఆమె మీ ఊరికి వస్తుంది అని అందులో ఉంది. నేను ఇంటికి ఆ సంగతి రాయలేదు. రాస్తే నాయన తలుపుకు తాళం వేసుకుని అడివికి పోతాడు. అయినా రాయడానికేముంది? వస్తుంది, మా మట్టిమిద్దె చూస్తుంది, వానకోసం ఆకాశం చూసే చేను చూస్తుంది. బీదరికానికి ఒకరు సాక్ష్యం చెప్పాలా అనుకున్నాను.

తర్వాత వచ్చిన జాబును రెండుసార్లు చదివాను. మీ కుటుంబానికి బావి కింద మంచి మాగాణి, బలమైన ఎద్దులు, నిండిన గాదెలు ఉన్నట్టు తెలిసింది, అందువల్ల సగం ఫీజు మాత్రమే తగ్గించగలం, మిగతాది మీరు భరించాలి అని రాశారు. మేం భరించడం! నా చదువు అక్కడితో సరి.

ఇది ఎవరి పనో నాకు క్షణంలో తెలిసిపోయింది. మా నాయనకు పెదనాన్న కొడుకు, వరసకు నాకు చిన్నాయన, మా ఎదురింట్లో ఉంటాడు. ఆ బావి, దాని కింద మడి మా అబ్బల కాలం, అంటే తాతల కాలం నాటివి. మాదని మేము, తనదని ఆయన. కడప కోర్టులో దావా నడుస్తోంది. తీర్పు రాలేదు గానీ మడి దున్నేది, పంట తినేది చిన్నాయనే. రెండిళ్ళకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. నేను పైకి రావడం చూడలేక, డాక్టరమ్మకు మేం కలవాళ్ళమని చెప్పి నా నోట్లో మన్ను కొట్టాడు. కర్నూలు నుంచి బద్వేలు దాకా బస్సులో ఆ మనిషిని మనసులో తిట్టని తిట్టు లేదు.

ఇల్లు చేరేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది. చేతిలోని సంచి అందుకుంటూనే, "ఏమన్నారు పాపా? కుదిరిందా?" అంది.

"ఏం కుదరాలి?"

"తెలియనట్ల అడుగుతాండావే. దొరసానిని జీపులో పంపినారంటే పెండ్లికొడుకు ఎంత పెద్ద డాక్టరో అని ఊరంతా అనుకుంటాండాది."

అప్పుడు కథంతా బయటికి వచ్చింది. నాయన వకీలును కలవడానికి కడపకు పోయిన రోజున జీపు వచ్చింది. డాక్టరమ్మ ఇండియాకు వచ్చి ఎన్నో నెలలు కాలేదు, తెలుగు రాదు. ఆమె మాట తెలుగులో చెప్పడానికి ఆసుపత్రి కాంపౌండరు వెంట ఉన్నాడు. అతను ఊరి మొదట్లో జీపు ఆపించి, కర్నూలులో చదివే పాప వాళ్ళ ఇల్లేది, భూమెంత, ఎద్దులెన్ని, మనుషులెట్లాంటివాళ్ళు అని అడిగాడు. పెళ్ళి కాని ఆడపిల్ల ఉన్న ఇంటి గురించి పై ఊరివాళ్ళు వచ్చి ఈ ప్రశ్నలు అడిగితే మా వైపు దానికి ఒకటే అర్థం. పిల్లనడగడానికి ముందు ఇల్లు చూసిపోవడానికి వచ్చారని. అట్లాంటప్పుడు ఊరంతా ఒకటవుతుంది. ఎంత పగ ఉన్నా ఎవరూ ఒక్క మాట తక్కువ చేసి చెప్పరు. ఆడపిల్ల సంబంధం చెడగొట్టిన ఇంట్లో దీపం నిలవదని మావాళ్ళ భయం.

జీపు మా ఇంటికి వచ్చేలోగా సందుల గుండా ఎగువింటివాళ్ళ ఎద్దులు మా కొట్టంలోకి వచ్చాయి. పక్కింటి ఇత్తడి బిందెలు మా వాకిట్లో వరుసగా కూర్చున్నాయి. గాదెలో అడుగున వరిపొట్టు పోసి పైన ఎవరివో జొన్నలు పరిచారు. ఇంట్లో కొర్రబువ్వ ఉంటే, బదులు తెచ్చిన బియ్యంతో అమ్మ ఆమెకు తెల్లటి అన్నం వండి నెయ్యి వేసింది. ఇక మడి. చిన్నాయనే స్వయంగా వాళ్ళను వెంటబెట్టుకుని బావి దగ్గరికి తీసుకుపోయాడట. గట్టు మీద నిలబడి, "ఈ బాయి, దీని కింద కనపడే మడంతా మా అన్నదే" అన్నాడట.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆయమ్మ మన బీదరికం చూడ్డానికి వచ్చిందమ్మా" అన్నాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "బీదరికం చూసేదానికి జీపేసుకోని వస్తారా ఎవరన్నా?"

ఆమెకు కోపం తెప్పించడం తప్ప నేనేమీ చేయలేకపోయాను. నాయన మాత్రం వేరే బాధలో ఉన్నాడు. చిన్నాయన అన్న మాట చెవినబడ్డప్పటి నుంచి ఆయనకు బువ్వ సయించడం లేదు. "వాడు ఆ మడి మనదని చెప్పినాడంటే యాదో ఉండాది. వాడు ఊరికే చెప్పడు" అని తనలో తనే అనుకుంటూ తిరుగుతున్నాడు.

ఆ సాయంత్రం ఎదురింటికి పోయాను. చిన్నాయన అరుగు మీద పగ్గం పేనుతున్నాడు. నన్ను చూసి చేతిలో పని ఆపాడు.

"మీ నాయన పంపినాడా?" అన్నాడు. ఆయనకూ అదే రోగం.

కాదని చెప్పి జరిగిందంతా వివరించాను. నాకు డబ్బు లేదని తేలితేనే చదువు, ఉందని తేలితే లేదు అని ఎంత చెప్పినా ఆయన తలకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కాక ముఖం చిన్నబోయింది.

"ఆడబిడ్డ మంచి కోరి చెప్తి పాపా. నీ సదువుకే అడ్డమని నాకేం తెల్సు" అన్నాడు. పగ్గం పక్కన పెట్టి, "నేనే పోయి చెప్తాలే. కోర్టులో గూడా అదే మాట, ఆడా అదే మాట. మడి నాదే కదా" అన్నాడు. ఆ చివరి మాట విన్నప్పుడు మాత్రం నాకు మళ్ళీ అనుమానం వచ్చింది. ఇది నా కోసమా, మడి కోసమా? కానీ వేరే దారి లేదు.

మరునాడు కడప పోయి సాయంత్రానికి తిరిగొచ్చాడు. "ఆయమ్మ నన్ను దొంగను చూసినట్ల చూసె. మొన్న వాళ్ళదంటివి, ఈ పొద్దు నాదంటాండావు, ఏది నిజం అని అడిగె. మీ నాయన్నే పిల్చుక రమ్మంది" అన్నాడు.

మర్నాడు నేనే కడప పోయాను. డాక్టరమ్మ చెడ్డ మనిషి కాదు. అలిసిపోయిన మనిషి. నేను ఇంగ్లీషులో అంతా చెప్పాను. ఎద్దులు, బిందెలు, అన్నం, అన్నీ. బావి కింద పంట ఏళ్ళుగా మా గడప తొక్కలేదని చెప్పాను. ఆమె నవ్వింది గానీ నమ్మలేదు. "ఊరంతా ఒకసారి అబద్ధం చెప్పింది అంటున్నావు. ఇప్పుడు నువ్వు చెప్పేది నిజమని నేనెట్లా నమ్మేది? నువ్వు అడిగే మనిషివి. మీ నాన్న నోటి నుంచి రావాలి. ఆ పంట తనకు రాదని ఆయన అంటే అదే చాలు, నేను కాలేజీకి రాస్తాను" అంది.

ఒక్క మాట. అంతే కావాలి. మా నాయన నోటి నుంచి.

ఇంటికొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డాను. నాయన విన్నాడు. "మొదుట వాడు దొరసానికి మడి మనదంటాడు. మల్ల పోయి కాదంటాడు. మూడోసారి నన్నే పోయి మనది కాదని చెప్పమంటాడు. ఇదంతా వాడు అల్లిందని నీకు అర్థం కాలేదా పాపా?" అన్నాడు.

"కాలేజీ వాళ్ళ జాబులు చూపించాను కదా నాయనా."

"కాగితం ఎవరైనా అచ్చేయిస్తారు. ఆ కాలేజీని నువ్వు చూసినావా?"

చూడలేదు. చూడని దానికోసమే నేను అంత తపించిపోతున్నాను. నాకు ఏడుపొచ్చింది. నన్ను ఏడవనిచ్చి, ఆఖరుకు, "వస్తా. ఆయమ్మ ఎవరో నా కండ్లతో చూడాల. ఆ కాంపౌండరు మాత్రం వద్దు. వాడు ఏం మార్చి చెప్తాడో ఎవరికి తెల్సు. నా మాట నువ్వే చెప్పాల" అన్నాడు.

కడప బస్సులో దారిపొడుగునా ఆయనకు చెప్పుకుంటూ వచ్చాను. మడి మనది కాదని చెప్పొద్దు నాయనా, కోర్టులో ఉంది అను, పంట మాత్రం మాకు రావడం లేదను. అది నిజమే కదా. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ కొట్టాడు. ఆ ఊఁ మీద నాకు ఆశ పుట్టింది.

ఆసుపత్రి వెనక చిన్న గదిలో డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. కాంపౌండరు లోపలికి రాబోతే నాయన లేచి నిలబడి, "ఈయప్ప బయట ఉంటేనే నేను మాట్లాడతా" అన్నాడు. ఆమెకు అది చెప్పాను. ఆమె కాస్త ఆలోచించి కాంపౌండరును పంపేసి తలుపు దగ్గరికి వేయించింది. "మీ నాన్న ఏం చెబితే అదే చెప్పు. కలపొద్దు, తగ్గించొద్దు. నిన్ను నమ్ముతున్నాను" అంది నాతో.

"ఆయమ్మ ఏమంటాండాది?" అన్నాడు నాయన.

"నువ్వు చెప్పింది చెప్పినట్ల చెప్పమంటోంది."

"నేను గూడా అదే అంటాండా" అన్నాడు.

ఆమె అడిగింది. బావి కింద భూమి మీదేనా?

నాయన నా వంక చూడలేదు, ఆమె వంకే చూశాడు. "మాదే. మా అబ్బ తవ్విన బాయి. ఎవురు అడిగినా, యాడ అడిగినా మాదే" అన్నాడు.

"నాయనా, పంట ఎవరు తింటాండారో అది చెప్పు. అదొక్కటి చాలు" అన్నాను తెలుగులో, కూర్చున్న చోటే బతిమాలుతూ.

"పంట సంగతి ఎత్తొద్దు. అనుభవం వాడిదని నా నోట రాకూడదని వకీలు కండ్లెర్రజేసి చెప్పినాడు. ఈడ అన్న మాట ఆడికి పోదని ఎవురు చూసినారు? మాదే అని చెప్పు."

గదిలో ఆమెకు తెలుగు రాదు, ఆయనకు ఇంగ్లీషు రాదు. మధ్యలో ఉన్నది నేనొక్కదాన్నే. ఆమె నా నోటి వంక చూస్తోంది, ఆయనా నా నోటి వంకే చూస్తున్నాడు. కాదు అని ఒక్క ముక్క అంటే ఓడ ఎక్కేదాన్ని. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. రాలేదని అబద్ధమెందుకు చెప్పాలి? వచ్చింది. కానీ మా నాయన ఈ లోకంలో అందరినీ బయటికి పంపేసి నన్నొక్కదాన్నే లోపల ఉంచుకున్నాడు.

"ఆ భూమి తమదేనంటున్నారు. ఎవరడిగినా, ఎక్కడడిగినా అదే మాట అంటారట" అన్నాను ఇంగ్లీషులో.

డాక్టరమ్మ ముఖంలో వెలుగు పోయింది. కొంచెంసేపు నా వంక చూసి, "సరే, ఏం చేస్తాం" అంది. బయటిదాకా వచ్చి సాగనంపింది. నా భుజం మీద చెయ్యి వేసింది గానీ నేను తల ఎత్తలేదు.

కడప బస్టాండులో నాయన నాకు సోడా ఇప్పించాడు. తాను తాగలేదు. బద్వేలు బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగాడు.

"నేను చెప్పిందే చెప్పినావా?"

"చెప్పినాను నాయనా."

"చెప్పింటే ఆయమ్మ మొగం అట్ల ఎందుకు మారె?"

ఎందుకు మారిందో చెప్పాను. నా చదువు పోయినందుకు మారిందని చెప్పాను. ఆయన తల ఊపాడు. మా నాయన బెల్లం కొట్టువాడికి అట్లాగే తల ఊపి, సంచి పట్టుకుని ఇంటికి వచ్చి మళ్ళీ తూచేవాడు. ఆ తల ఊపు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సులో ఎడంగా కూర్చున్నాను.

ఆ సగం ఫీజు మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంకో రెండు కాలేజీలకు రాశాను గానీ మనసు పెట్టి రాయలేదు. ఆ వేసవికే కడపలో ఒక బడిలో పంతులమ్మగా చేరాను.

కొన్నాళ్ళకు దావా తీర్పుకొచ్చింది. బడికి సెలవు పెట్టి కోర్టుకు పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. మడి చిన్నాయన అనుభవంలోనే ఉందని, అది ఆయనకే చెందుతుందని జడ్జి చదివాడు. చదువుతున్నంతసేపూ నాయన చేతులు కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ముగిశాక వకీలు వంక చూడలేదు, చిన్నాయన వంక చూడలేదు. వెనక్కి తిరిగి, చిల్లరను వెలుతురుకు పట్టి చూసినట్టు నా వంక చూశాడు.